వీన్ నది అడుగున ఆదివారం

నవంబరు. ఆదివారం రాత్రి.

వియన్నాలో నాకు ఇంకా మింగుడుపడనిది ఆదివారం ఒక్కటే. చలికి స్వెట్టరు ఉంది, భాషకు ఫోను ఉంది, ఆదివారానికి మాత్రం మందు లేదు. శనివారం సాయంత్రం ఆరింటికి సూపర్‌మార్కెట్లు మూతపడితే మళ్లీ తెరిచేది సోమవారం పొద్దున్నే. బట్టల కొట్లు, పుస్తకాల కొట్లు అన్నీ అంతే. విజయవాడలో ఆదివారమంటే పొద్దున చికెన్ కొట్టు దగ్గర వరుస, సాయంత్రం బీసెంట్ రోడ్డులో కాలు పెట్టే సందు ఉండదు. ఇక్కడ ఆదివారం ఉదయం వీధిలోకి వస్తే ఏదో పార్టీ బంద్‌కు పిలుపిచ్చినట్టుంటుంది. మా హాస్టల్లో ఈ రోజు వాక్యూమ్ క్లీనర్ కూడా ఆడించకూడదు. గోడకు మేకు కొట్టాలంటే సోమవారం దాకా ఆగాలి.

ఇవాళ లేచేసరికి ఫ్రిజ్‌లో పాలు లేవు. రాత్రి వంటగదిలో ఎవరో కాఫీ కలుపుకున్నారు. ఎవరో నాకు తెలుసు, రాయను. పెద్ద రైల్వే స్టేషన్లలోని దుకాణాలు ఆదివారం కూడా తెరిచే ఉంటాయి కానీ, నగరంలోని మతిమరుపు వాళ్లంతా అక్కడే పోగవుతారు. లీటరు పాల కోసం ఆ వరుసలో నిలబడే ఓపిక లేక తోడు పెట్టడం వాయిదా వేశాను. ఈ చలిలో పెరుగు తోడుకోవడమే ఒక గండం. గోరువెచ్చని పాలలో తోడు వేసి, గిన్నెకు పాత శాలువా చుట్టి, హీటర్ పక్కన కుర్చీలో పెడతాను. జార్జియా నుంచి వచ్చిన నా రూమ్మేట్ మొదటిసారి అది చూసి, నేను పిల్లినెక్కడి నుంచో తెచ్చి దాచానని అనుకుంది. సంగతి చెప్పాక తేలిగ్గా నవ్వేసి, వాళ్ల అమ్మమ్మ అయితే ఏకంగా దుప్పటే చుడుతుందని చెప్పింది. ఆ రోజు నుంచి మా ఇద్దరికీ బాగా కుదిరింది.

తొమ్మిదిన్నరకు అమ్మ ఫోను. అక్టోబరు చివరి ఆదివారం ఇక్కడి గడియారాలు గంట వెనక్కి తిప్పాక మనకూ వీళ్లకూ తేడా నాలుగున్నర గంటలైంది. అమ్మ అప్పుడే భోజనం ముగించి కూర్చుంది.

“తిన్నావా?”

“ఇక్కడ ఇంకా తొమ్మిదిన్నరే అమ్మా.”

“అయితే? తొమ్మిదిన్నరకు టిఫిన్ తినరా ఆ ఊళ్లో?”

బ్రెడ్డు మీద కందిపొడి, నెయ్యి వేసుకుని తిన్నానని చెబితే కాసేపు మాట్లాడలేదు. అందులో జాలి ఎంతో, అసహ్యం ఎంతో తెలియలేదు. తర్వాత ఊరి సంగతుల్లోకి వెళ్లింది. వెనక వీధి చివర కాలువ గట్టును ఆనుకుని మళ్లీ ఎవరో షెడ్డు వేశారట. ఈసారి రేకులతో సరిపెట్టకుండా పునాది కూడా తవ్వుతున్నారట. “నిరుడే కదే మునిగింది, అప్పుడే మరిచిపోయారు” అంది.

మాది సింగ్ నగర్. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు మా ఇంట్లోకి వచ్చింది. అదీ ఆదివారమే. మధ్యాహ్నానికి మోకాళ్ల లోతు, చీకటి పడేలోగా నడుము దాటింది. పక్కింటి వారి మేడ మీద చేరి, మెట్ల మలుపులో నుంచి మా వంటగది కిటికీ చూస్తుంటే, ఫ్రిజ్ వెల్లకిలా పడి తేలుతూ ఒకసారి కిటికీ దాకా వచ్చి, మళ్లీ లోపలికి వెళ్లింది. నాకు ఆ వరదంటే ఇప్పటికీ ఆ ఫ్రిజ్జే. పడవలు, డ్రోన్లతో జారవిడిచిన ఆహార పొట్లాలు, మూడు చోట్ల పడిన గండ్లు, వాటిని పూడ్చడానికి వచ్చిన సైన్యం, ఇవన్నీ తర్వాత పేపర్లలో చదివి తెలుసుకున్నవే. మేడ మీద కరెంటు లేదు, ఫోన్లలో చార్జింగ్ లేదు.

సివిల్ ఇంజనీరింగ్ చదువుతున్నాను కాబట్టి ఇక్కడ జలవనరుల కోర్సు తీసుకున్నాను. గడియారంలో పదైనా ప్రొఫెసర్ పావుగంట తర్వాతే మొదలుపెడతారు. అది ఆలస్యం కాదు, ఇక్కడి విశ్వవిద్యాలయాల పాత మర్యాద. క్లాసు ముగిశాక విద్యార్థులు చప్పట్లు కొట్టరు, వేళ్ల కణుపులతో బల్ల మీద తడతారు. పోయిన వారం ఆయన చెప్పిన పాఠం వీన్ నది గురించి. డాన్యూబ్ కాదు, వియన్నా జర్మన్ పేరుతోనే ఉన్న ఆ చిన్న నది. మామూలు రోజుల్లో సెకనుకు 200 లీటర్లు కూడా పారని ఈ నది గట్టి వాన పడితే 450 ఘనపు మీటర్ల దాకా ఉబ్బుతుందట. మన లెక్కలో ఏడు క్యూసెక్కులు కాస్తా దాదాపు పదహారు వేలవుతాయి. పడమటి అడవి కొండల్లోని బంకమట్టి పొరలు నీటిని లోపలికి ఇంకనివ్వవు. పడిందంతా జర్రున ఊరి మీదికే జారుతుంది. ఆయన ఆ అంకెలు బోర్డు మీద రాస్తుంటే, ఈ నదిని నేనెప్పుడో చూశాననిపించింది.

ఇవాళ ఎలాగూ కొట్లు లేవు కాబట్టి, మధ్యాహ్నం పప్పన్నం తిని, రూమ్మేట్‌ను వెంటబెట్టుకుని ఆ నది చూడటానికి బయలుదేరాను. వీధి మూలలో స్తంభానికి ప్లాస్టిక్ సంచి తగిలించి ఆదివారం పేపర్లు పెట్టారు, పక్కనే చిల్లర వేసే చిన్న డబ్బా. కాపలా లేదు. డబ్బులు వేయకుండా పట్టుకుపోయేవారూ ఉంటారట, అయినా వారం వారం పెడుతూనే ఉంటారు. మెట్రోదీ ఇదే తీరు. గేట్లుండవు, టికెట్ అడిగేవారు కనపడరు. అలాగని దీన్ని పూర్తి అమాయకత్వం అనుకోకూడదు. మామూలు బట్టల్లో ఇన్‌స్పెక్టర్లు ఎక్కుతారు, దొరికితే జరిమానా వంద యూరోలు దాటుతుంది.

హీట్సింగ్ స్టేషన్లో దిగిన జనమంతా షోన్‌బ్రున్ రాజభవనం వైపు మళ్లారు. మేమిద్దరం నది వైపు తిరిగాం.

వీన్ నదిలోకి నడిచి దిగవచ్చు. నిజంగానే. వాలుగా దారి వేశారు, అడుగున సైకిళ్లకూ మనుషులకూ బాట ఉంది. వరద వచ్చే సూచన ఉంటే ఆ బాట మూసేస్తారు, లోపల ఉన్నవారు వెంటనే పైకి ఎక్కాలని హెచ్చరిక. దిగాక తలెత్తి చూస్తే రెండు వైపులా రెండంతస్తుల ఎత్తున గోడలు, ఆ పైన తెల్లటి ఆకాశం ఒక పట్టీలా. ఒక గోడకు అవతల మెట్రో పోతుంటే చప్పుడు వినిపిస్తుంది, రైలు సరిగ్గా కనపడదు. 19వ శతాబ్దం చివర్లో నదికి ఈ గోడలు కట్టినప్పుడే పక్కన రైలు మార్గమూ వేశారు. దాని స్టేషన్లకు రూపమిచ్చింది వాస్తుశిల్పి ఓటో వాగ్నర్. ఇంత పెద్ద తొట్టి మధ్యలో పారుతున్న నీరు చూస్తే నవ్వొచ్చింది. చీలమండ తడవదు. ఒక బాతు అందులో ఈదడం మానుకుని నడిచి వెళుతోంది.

“ఇంత చిన్న నదికి ఇంత పెద్ద గోడలెందుకు?” అని రూమ్మేట్ అడగలేదు. ఆమెది జార్జియా రాజధాని త్బిలిసీ. 2015 జూన్‌లో అక్కడ వెరే అనే చిన్న నది ఒక్క రాత్రిలో పొంగి జంతుప్రదర్శనశాలను ముంచెత్తితే, తెల్లారేసరికి నీటిగుర్రం నడివీధిలో తిరిగింది. పులి ఒక మనిషిని చంపింది. అప్పుడు తను బడి పిల్ల, చాలా రోజులు బయటికి పంపలేదట. నేను ఫ్రిజ్ సంగతి చెప్పాను. తను నీటిగుర్రం సంగతి చెప్పింది. గోడల మధ్య మా మాటలు కాస్త గట్టిగానే మోగాయి. ఎదురొచ్చిన సైకిలు పెద్దాయన ఆదివారం పూట ఈ గోలేమిటన్నట్టు చూశాడు.

హ్యూటెల్‌డార్ఫ్ దాటాక ఔహోఫ్ దగ్గర అసలు వింత ఉంది. వరద ఊళ్లోకి రాకముందే పట్టి నిలపడానికి నది పక్కన వరుసగా పెద్ద పెద్ద మడుగులు కట్టారు. కట్టి 120 ఏళ్లు దాటింది. ఏడాదిలో ఎక్కువ రోజులు వాటికి పనే ఉండదు. రెల్లు పెరిగింది, ఒడ్డున కొంగ నిలబడింది. రాజధాని అంచున, రోడ్డుకూ రైలుకూ ఆనుకుని ఇంత స్థలం ఊరికే పడి ఉండటం చూస్తే విజయవాడ మనిషికి గజం రేటు లెక్క కట్టకుండా ఉండటం కష్టం. నేనూ కట్టాను.

వీళ్లేదో మహా జ్ఞానులని నేను అనను. ఇదే నదిని ఊరి మధ్యలో కప్పేశారు. నాష్‌మార్క్ట్ సంతలో మనం మామిడికాయ బేరమాడేది దాని నెత్తి మీదే. మాకు వరద వచ్చిన అదే సెప్టెంబరు మధ్యలో ఈ నదీ ఉరికింది, కొన్ని రోజులు మెట్రో సగంలో ఆగింది. చేతిలో డబ్బున్న ఊరు, గోడలు కట్టుకోగలిగింది. కానీ ఏడాదంతా అక్కరకు రాని జాగాను అక్కరకు రానట్టే వదిలేయడానికి డబ్బు ఒక్కటే చాలదు. కొట్లన్నీ మూసుకుని ఒక రోజును ఖాళీగా ఉంచేది ఈ మనుషులే కదా అనిపించి, పొద్దుటి చిరాకు కొంత తగ్గింది. మొత్తం కాదు, పాల సంగతి అలాగే ఉంది.

ఇక అమ్మ చెప్పిన షెడ్డు. దాన్ని తిట్టడం తేలిక. కానీ నాన్న అప్పు చేసి కొన్న మా 120 గజాలు కూడా ఒకప్పుడు వరద నీరు పరుచుకునే పల్లపు నేలే. కాగితాలన్నీ సక్రమంగానే ఉన్నాయి. అమ్మినవారికి లేఅవుటు ఉంది, మాకు రిజిస్ట్రేషన్ ఉంది, పన్ను రసీదులు ఉన్నాయి. ఏ కాగితం మీదా బుడమేరు మాత్రం లేదు.

నాలుగింటికే పొద్దు గుంకింది. గదికి వచ్చి, బట్టలు ఉతికే యంత్రంలో వేసి, నాన్నకు ఫోను చేశాను. వానాకాలంలో పేపరు తెరవగానే ప్రాజెక్టుల నీటిమట్టాల పట్టిక చూసే మనిషి, ఈ కబుర్లు ఆయనకే చెప్పాలి. ముందు డాన్యూబ్ గురించి ఊరించాను. 1972 నుంచి 1988 దాకా తవ్వి నదికి పక్కనే రెండో పాయ చేశారని, తవ్విన మట్టితోనే 21 కిలోమీటర్ల దీవి కట్టారని, మొత్తం కలిపి సెకనుకు 14 వేల ఘనపు మీటర్ల వరదను తట్టుకుంటుందని చెప్పాను.

“క్యూసెక్కుల్లో చెప్పమ్మా.”

“దాదాపు ఐదు లక్షలు నాన్నా.”

“ఐదేనా? నిరుడు ప్రకాశం బ్యారేజీ మీద నుంచి 11 లక్షల 43 వేలు పోయింది.”

ఇల్లు మునిగిన మనిషి గొంతులో అంత గర్వం! అది కృష్ణ, మనల్ని ముంచింది బుడమేరు అని గుర్తు చేస్తే, “అదీ నిజమే” అని కాసేపు ఆగి, మడుగుల గురించి అడగడం మొదలుపెట్టాడు. ఆ స్థలం ఎవరి పేరున ఉంది? చుట్టూ కంచె ఉందా? 120 ఏళ్లలో ఎవరూ ఆక్రమించలేదా, ఆక్రమిస్తే ఎవరు పీకారు? కట్టేటప్పుడు అక్కడ ఊళ్లేవైనా ఉంటే వాళ్లకేమిచ్చారు? ఇంజనీరింగ్ చదివే నాకు ఒక్కదానికీ జవాబు రాలేదు. మడుగు లోతు మాత్రం రాసుకొచ్చాను.

రేపు పదింటి క్లాసు అయ్యాక ప్రొఫెసర్‌ను ఆపి ఈ నాలుగూ అడగాలి. అంతకంటే ముందు, కొట్లు తెరవగానే రెండు లీటర్ల పాలు. ఒకటి నాది, ఒకటి కాఫీ కలుపుకునేవారికి.