రెప్ప వాలినప్పుడు కొలతలు చెప్పిన సంగతి

అరవై దాటాక నా కుడి కంటి పై రెప్ప మెల్లగా వాలసాగింది. విజయనగరంలో కోట నుంచి గంటస్తంభం దాకా నడిచేటప్పుడు దుకాణాల బోర్డులు చదవడానికి గడ్డం ఎత్తవలసి రావడం, పొద్దుగూకేసరికి నుదురు నొప్పి పెట్టడం మొదలయ్యాక కంటి వైద్యురాలిని కలిశాను.

ఆవిడ టార్చి వేసి, కంటిపాప మీద మెరిసే వెలుగు చుక్క నుంచి పై రెప్ప అంచు దాకా ఉన్న దూరాన్ని స్కేలుతో కొలిచారు. అది సాధారణంగా 4 నుంచి 5 మిల్లీమీటర్లు ఉంటుంది; నాకు కుడివైపు 1, ఎడమవైపు 3 ఉంది. తర్వాత కనుబొమ్మను అదిమి పట్టి, కిందికీ పైకీ చూడమన్నారు. రెప్ప బాగానే కదలడం, దాని మడత మామూలుకంటే పైకి జరిగి ఉండడం చూసి, రెప్పను ఎత్తే కండరం బలంగానే ఉందనీ, దాన్ని రెప్పకు కలిపే పల్చటి పొర వయసుతో సాగి జారిందనీ చెప్పారు. సాయంత్రానికి మరీ వాలుతుందా, వస్తువులు రెండుగా కనిపిస్తాయా అని కూడా గుచ్చి గుచ్చి అడిగారు. నరాల, కండరాల జబ్బుల్లోనూ రెప్ప వాలుతుంది కాబట్టి ఆ ప్రశ్నలు తప్పనిసరి. ఉన్నట్టుండి రెప్ప వాలి, కంటిపాప పెద్దదైతే మాత్రం ఎవరూ ఒక్క పూట కూడా ఆగకూడదు.

మగవారి కనుబొమ్మ సాధారణంగా ఆడవారి కనుబొమ్మకంటే కిందగా, ఎముక అంచు దగ్గరే ఉంటుంది. వయసు పెరిగేకొద్దీ పై చర్మం వదులవుతుంది, బయటి మూల బిగువు తగ్గి కన్ను అడ్డంగానూ కొంత కురచవుతుంది. నా కనుబొమ్మలు మాత్రం పైకి లేచి ఉన్నాయి. చూపుకు అడ్డొస్తున్న రెప్పను ఎత్తడానికి నుదుటి కండరం పగలంతా వాటిని లాగి పట్టుకోవడమే నా నొప్పికి కారణమని అప్పుడు తెలిసింది.

కుడి రెప్పను వేలితో ఎత్తగానే ఎడమది ఇంకా కిందికి జారింది. రెండు రెప్పలకూ మెదడు నుంచి సమానంగా ఆదేశం అందుతుంది కనుక, ఒకదాన్నే సరిచేస్తే రెండోది వాలుతుందని రెండింటికీ ఒకేసారి శస్త్రచికిత్స చేశారు. రెప్పలకు మాత్రమే మత్తు ఇచ్చి, మధ్యలో నన్ను కూర్చోబెట్టి, కళ్లు తెరిపించి ఎత్తు సరిచూశారు.

కొన్నాళ్లు వాపు, కమిలిన నీలం ఉన్నాయి. నిద్రలో కళ్లు పూర్తిగా మూతపడనందున రాత్రిపూట మందు రాసుకున్నాను. వాపు తగ్గాక రెండు వైపులా కొలత 4 మిల్లీమీటర్లకు వచ్చింది. కనుబొమ్మలు వాటి చోటికి దిగాయి, నుదుటి నొప్పి పోయింది. కళ్లు పొడిబారకుండా చుక్కల మందు ఇంకా వాడుతున్నాను.