సీసా వద్దన్న మనవరాలు, స్టీలు గ్లాసుతో గట్టెక్కిన గండం

మా మనవరాలు ఇప్పుడు పగలంతా తల్లి లేకుండానే పాలు తాగుతోంది. స్టీలు గ్లాసుతో తాగుతోంది. సీసా ముట్టలేదు, ఇక నేను ముట్టించను కూడా. ఒక ఆసుపత్రిలో మాకు జరిగిన దాని మీద కోపం చల్లారకముందే ఇది రాసేస్తున్నాను. చంటిపిల్లను ఇంట్లో ఒగ్గేసి డ్యూటీకి వెళ్లాల్సిన ఆడపిల్లలు మా వైపు చాలామంది ఉన్నారు, వాళ్ల ఇళ్లలోనూ ఇదే ఏడుపు.

నేను విజయనగరం జిల్లాలో ఏఎన్‌ఎంగా చేసి రిటైరయ్యాను. మా అమ్మాయి పైడిభీమవరం దగ్గర ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో పని చేస్తోంది. ప్రసూతి సెలవుల చట్టాన్ని 2017లో సవరించాక సెలవు 26 వారాలు. అందులో ఎనిమిది వారాలు కాన్పుకు ముందే వాడుకుంటే, బిడ్డకు నాలుగు నెలలు నిండేసరికి సెలవు అయిపోవస్తుంది. 50 మంది, ఆపైన పనిచేసే చోట పిల్లల్ని చూసుకునే గది ఉండాలని, తల్లి రోజుకు నాలుగుసార్లు అక్కడికి వెళ్లి రావచ్చని కూడా ఆ సవరణలోనే వచ్చింది. కంపెనీలో అడిగితే స్థలం లేదన్నారు. మీరు మాత్రం కాగితం మీద రాసి ఇవ్వండి, తీసుకున్నట్టు సంతకం అడగండి. నోటితో అడిగిన దానికి నోటితోనే సమాధానం చెప్పి పంపేస్తారు.

పాలు పిండటం దగ్గర ఏ ఇబ్బందీ రాలేదు. పంపు కూడా కొనలేదు. చేతులు సబ్బుతో కడుక్కుని, నల్లటి వలయం వెనకాల బొటనవేలు పైన, చూపుడువేలు కింద పెట్టాలి. ముందు ఛాతీ వైపుకి నొక్కాలి, ఆ తర్వాత రెండు వేళ్లూ దగ్గరకి నొక్కి వదలాలి. చర్మం మీద వేళ్లు జార్చితే మంట పుడుతుంది. ఒక్కో పక్క మూడు నుంచి ఐదు నిమిషాలు, పక్కలు మార్చుకుంటూ మొత్తం 20 నుంచి 30 నిమిషాలు చాలు. మూత ఉన్న గిన్నెలో ఫ్రిజ్ లోపలివైపు పెడితే నాలుగు రోజులు ఉంటాయి, తలుపు అరలో మాత్రం వద్దు. బయట నాలుగు గంటలు అనే లెక్క 25 డిగ్రీల గదికి. మన ఉక్కపోతలో దాన్ని నమ్ముకోకండి. తాగించేముందు గిన్నెను వేడినీళ్లలో నిలబెట్టి గోరువెచ్చన చేయాలి. పొయ్యి మీద కాచకూడదు, మైక్రోవేవ్‌లో పెట్టకూడదు.

అసలు కష్టం సీసాతో.

బిడ్డ సీసా తోసేస్తే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. వద్దంటున్నది పాలనా, సీసాకుండే రబ్బరు పీకనా? కొంతమంది తల్లుల పాలు ఫ్రిజ్‌లో ఉన్నాక సబ్బు వాసన వస్తాయి. పాలల్లో ఉండే లైపేజ్ అనే ఎంజైము కొవ్వును విరగ్గొట్టడం వల్ల అలా అవుతుంది. పాలు చెడిపోయినట్టు కాదు గానీ రుచి మారుతుంది. అప్పుడే పిండిన పాలు అదే సీసాలో ఇచ్చి చూడండి. తాగితే గొడవ నిలవ పాలతోనే. అలాంటప్పుడు పాలను ఫ్రిజ్‌లో పెట్టకముందే, అంచుల్లో చిన్న బుడగలు వచ్చేదాకా మాత్రమే వేడి చేసి వెంటనే చల్లార్చాలి, మరగనివ్వకూడదు. తాజా పాలూ వద్దంటే గొడవ పీకతో. మా పిల్లకు పీకే పడలేదు.

నోరు కూడా చూడాలి. నాలుక మీద, బుగ్గల లోపల తెల్లటి పూత ఉండి, గుడ్డతో తుడిచినా పోకపోతే అది ఫంగస్, దానికి మందు వెయ్యాలి. ముక్కు దిబ్బడేసినా బిడ్డ పీక పట్టలేదు, నోరు మూస్తే ఊపిరి ఆడదు కాబట్టి. సీసా వద్దని తల్లి రొమ్ము హాయిగా తాగితే కంగారు లేదు. రొమ్ము కూడా వద్దంటే జబ్బు చేసినట్టే అనుకుని ఆ పూటే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

పుట్టిన కొత్తలో పెదవికి ఏది తగిలినా బిడ్డ చప్పరిస్తుంది. మూడో నెల దాటాక అలా కాదు, ఇష్టముంటేనే చప్పరిస్తుంది. అందుకే నాలుగో నెలలో మొదటిసారి సీసా చూసిన పిల్లలు అంత మొండికేస్తారు. ఇవ్వడానికీ ఒక పద్ధతుంది. తల్లి ఇంట్లో ఉండకూడదు, పక్క గదిలో ఉన్నా వాసన పట్టేస్తుంది. బాగా ఆకలేసేదాకా ఆగకుండా, కునుకు తీసి లేచిన వేళ చూసుకోవాలి. బిడ్డను నిటారుగా కూర్చోబెట్టి, వెచ్చటి నీళ్లలో ముంచిన పీకను పై పెదవికి తాకించి ఆగాలి. నోరు తెరిచి తనే లోపలికి లాక్కోవాలి, మనం తొయ్యకూడదు. సీసా అడ్డంగా, నేలకు సమంగా ఉండాలి. పీక నెమ్మదిగా కారే రకమే తీసుకోవాలి. పాలు రావడం లేదని సూది కాల్చి కన్నం పెద్దది చేస్తారు మా ఊళ్లలో, దానివల్లే పిల్లలకు పొలమారుతుంది. ఏడుపు మొదలైతే ఆపేసి గంట తర్వాత మళ్లీ చూడాలి. ఇవన్నీ నాకు తెలుసు, అన్నీ చేశాను. పిల్ల పీకను నాలుకతో బయటకు నెట్టి నా మొహం వైపు చూసేది.

డ్యూటీలో చేరే రోజు దగ్గరపడుతోందని మా అమ్మాయి పట్టుబట్టి టౌన్‌లో ఒక పిల్లల ఆసుపత్రికి తీసుకెళ్లింది. బయట కౌంటరు మీద పాలపొడి కంపెనీ బోర్డు పెట్టి ఉంది. 1992లో వచ్చిన తల్లిపాల ప్రత్యామ్నాయాలు, పాలసీసాల చట్టం ఆసుపత్రుల్లో ఆ ప్రచారాన్ని నిషేధించింది. 2003లో దాన్ని ఇంకా గట్టి చేశారు. ఉద్యోగమంతా ఆ చట్టం గురించి తల్లులకు చెప్పినదాన్ని, ఆ బోర్డు కింద కూర్చోవాల్సి వచ్చింది. లోపల డాక్టరు పిల్ల నోరు తెరిచి చూడలేదు, బరువు తూయించలేదు. నేనేం చేసేదాన్నో తెలిశాక, అందరి ముందూ "నర్సమ్మగా చేశారు, ఒక పసిదానికి పాలు పట్టలేకపోయారా?" అన్నారు. ఇంకో మాట కూడా అన్నారు. "ఒక రోజంతా రొమ్ము మానిపించండి, ఆకలేస్తే అదే తాగుతుంది." ఆపైన అక్కడి ఆయా పిల్లను బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి, రెండు బుగ్గలూ నొక్కి పీక దోపేసింది. పాలు ముక్కులోకి ఎక్కి పిల్ల ఉక్కిరిబిక్కిరైపోయింది. నేను లాక్కుని బోర్లా తిప్పి వీపు తట్టాను. మా అమ్మాయి అక్కడే ఏడ్చేసింది.

ఆ రోజు నుంచి సీసా కనబడితే చాలు, ఒళ్లు విల్లులా వంచి ఏడుపు. మెడ కింద గుడ్డ కట్టినా ఏడుపే. బలవంతం చేస్తే పిల్ల నేర్చుకునేది అదే.

మాడ్చే సలహా నేను పాటించలేదు. మీరూ పాటించకండి, ఏ పెద్ద డాక్టరు చెప్పినా సరే. నాలుగు నెలల పిల్ల ఆకలికి లొంగదు, ఏడ్చి ఏడ్చి నీరసించి పడుకుంటుంది. మూత్రం తగ్గుతుంది, నోరు ఎండుతుంది, మాడు లోపలికి పోతుంది. అటు తల్లికి రొమ్ములు గడ్డకట్టి జ్వరం వస్తుంది. డాక్టరు పొడిపాలు రాసిచ్చినా ఒరిగేదీ లేదు, అవీ ఆ సీసాలోనే కదా పొయ్యాలి.

సీసా అటకెక్కించి ఉగ్గుగిన్నె దించాను. నెలలు నిండక పుట్టిన, చప్పరించే శక్తి లేని పిల్లలకు కూడా ఆసుపత్రుల్లో గిన్నెతో పడతారు. బొద్దుగా ఉన్న నాలుగు నెలల పిల్లకు పట్టలేమా? కొద్ది రోజులకు అంతకంటే చిన్న స్టీలు గ్లాసు వీలుగా అనిపించింది. పాత మెత్తటి చీర ముక్కతో చేతులు వదులుగా చుట్టాలి, లేకపోతే గ్లాసు తట్టేస్తుంది. ఒళ్లో నిటారుగా కూర్చోబెట్టుకుని మెడ వెనక చెయ్యి వెయ్యాలి. సగానికి పైగా పాలున్న గ్లాసు అంచును కింది పెదవి మీద బరువు పడకుండా ఆనించి, పాలు పెదవికి తగిలేంతవరకే వంచాలి. అక్కడ ఆగాలి. మనం పొయ్యకూడదు, పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. మొదట నాలుక బయటపెట్టి రుచి చూస్తుంది, తర్వాత పెదవి ముందుకు చాపి జుర్రుతుంది. నోరు మూస్తే గ్లాసు తియ్యకుండా కొంచెం వెనక్కి వాల్చి పట్టుకోవాలి, ఊపిరి తీసుకుని మళ్లీ వస్తుంది. కొత్తలో అరగంట పడుతుంది, కొన్ని పాలు గడ్డం మీద కారిపోతాయి. కింద గుడ్డ పెట్టండి, అది ఎంత తడిసిందో చూసి ఆ లెక్క తీసెయ్యండి.

తల్లిపాలు తాగే పిల్లకు ఒకటి నుంచి ఆరో నెల దాకా రోజుకు సగటున 750 మిల్లీలీటర్లు పడతాయి, అంటే తల్లి లేని ప్రతి గంటకూ 30 నుంచి 45. కంపెనీ బస్సు రానూపోనూ కలిపి మా అమ్మాయి పదకొండు గంటలు ఇంట్లో ఉండదు. ఆ లెక్కన 330 నుంచి 500 దాకా కావాలి. ఒకేసారి 120 పొయ్యకుండా రెండు గంటలకోసారి 60 నుంచి 90 ఇస్తున్నాను. అంత తాగని రోజు రాత్రి తల్లి దగ్గర రెండు మూడుసార్లు ఎక్కువ తాగి సరిపెట్టుకుంటుంది. రోజుకు ఆరు అంతకంటే ఎక్కువ గుడ్డలు తడిపి, అంగన్‌వాడీలో తూచినప్పుడు బరువు పెరుగుతూ ఉంటే, పగలు తక్కువ తాగిందని బెంగ పెట్టుకోనక్కర్లేదు. ఆరు గంటలు దాటినా గుడ్డ తడవకపోతే మాత్రం ఆసుపత్రికి వెళ్లాలి.

"చోడి (రాగి) జావ పట్టేయండమ్మా, అదే ఊరుకుంటాది" అన్నవాళ్లు మా వీధిలో ఉన్నారు. ఆరు నెలలు నిండేదాకా చోడి జావ వద్దు, నీళ్లూ వద్దు. తేనె అయితే ఏడాది దాకా నాలుకకు కూడా రాయొద్దు.

వచ్చే నెలో ఆపై నెలో డ్యూటీలో చేరేవాళ్లు రెండు మూడు వారాల ముందే గ్లాసు మొదలుపెట్టండి. రోజుకు ఒక్కసారి, 20 మిల్లీలీటర్లు, పగలు బిడ్డను చూసుకోబోయే మనిషి చేతితోనే. గ్లాసుకు మెడ మరలు, పీక సందులు ఉండవు కాబట్టి సబ్బు, వేడినీళ్లతో తోమి ఎండబెడితే సరిపోతుంది. సీసానే వాడే ఇల్లయితే పీక విప్పి, బ్రష్షుతో కడిగి, మునిగేన్ని నీళ్లలో పది నిమిషాలు మరిగించాలి.