కార్తీక వానలకు నిలిచే కలబంద

కలబందను ఎవరైనా పెంచవచ్చని, నీళ్లు పోయడం మరిచినా అది బతికేస్తుందని అంటుంటారు. దిష్టి తగలకుండా గుమ్మానికి తలకిందులుగా కట్టిన మొక్క మట్టి లేకుండానే నెలల తరబడి పచ్చగా ఉండడం మన ఇళ్లలో అందరమూ చూసేదే కనుక ఆ మాటను కాదనలేము. అయితే నెల్లూరు వైపు పెరళ్లలో కలబందను చంపేది రోహిణీ కార్తె ఎండ కాదు, ఈశాన్య రుతుపవనాల వాన. మా జిల్లాకు ఏడాది వర్షంలో సగానికి పైగా అక్టోబరు, డిసెంబరు నెలల మధ్యనే పడుతుంది. వాయుగుండం పట్టిందంటే ముసురు ఒక పట్టాన వదలదు.

కలబంద పుట్టిల్లు అరేబియా ద్వీపకల్పం. అది రాత్రి చల్లబడ్డాక ఆకుల రంధ్రాలు తెరిచి బొగ్గుపులుసు వాయువును ఆమ్లరూపంలో దాచుకుంటుంది; పగలు రంధ్రాలను మూసుకుని, ఆ నిల్వతోనే ఆహారం తయారుచేసుకుంటుంది. అందుకే మే నెల ఎండలోనూ ఆకులో నీరు నిలుస్తుంది. ఎండకు ఆకులు ఎర్రబారితే కంగారుపడనక్కరలేదు, కొంచెం నీడ తగిలితే మళ్లీ పచ్చబడతాయి. నిలవనీటి విషయంలో మాత్రం ఈ ఏర్పాటేదీ అక్కరకు రాదు. వేళ్లకు గాలి అందక కుళ్లు మొదలవుతుంది, అది పైకి కనబడేసరికి ఆలస్యమైపోతుంది. అడుగు ఆకును వేళ్లతో మెల్లగా నొక్కి చూడండి: గట్టిగా ఉండవలసిన మొదలు మెత్తగా లోపలికి పోయి, గోధుమరంగు నీరు కారి, పుల్లని వాసన వస్తే కుళ్లు పట్టినట్టే. అప్పుడు ఆ మొక్కకు మందు వెతకడం కంటే, గట్టిగా ఉన్న పిలకలను వేరుచేసి, కోసిన చోటు రెండు మూడు రోజులు నీడలో ఆరనిచ్చి, పొడి మట్టిలో నాటుకోవడం మేలు.

కాబట్టి శ్రద్ధంతా మట్టి మీదే పెట్టాలి. కనిగిరి, పొదిలి వైపు ఎర్ర నేలల్లో కంచె వెంబడి నేరుగా నాటుకోవచ్చు. ఒంగోలు చుట్టుపక్కల నల్లరేగడి నీటిని పట్టి ఉంచుతుంది కనుక అక్కడ అడుగెత్తు కట్ట వేసి నాటాలి, లేదా కుండీలో పెంచాలి. కుండీకైతే ఎర్రమట్టి, ముతక ఏటి ఇసుక సమపాళ్లలో కలిపి, బాగా చివికిన పశువుల ఎరువు గుప్పెడు వేస్తే చాలు. సముద్రపు ఇసుకలో ఉప్పుంటుంది, అది వద్దు. ప్లాస్టిక్ కుండీ కంటే మట్టికుండీ త్వరగా ఆరుతుంది. దాని అడుగు రంధ్రం మీద పెంకుముక్కను బోర్లించి, ముసురు పట్టినప్పుడు చూరు కిందికి జరిపితే సరిపోతుంది. వానాకాలంలో కుండీ కింద పళ్లెం పెట్టడమంటే మొక్కను మడుగులో నిలబెట్టడమే.

ఆకు కోసే పద్ధతి కూడా చెప్పాలి. బయటి వరుసలోని ముదురు ఆకును మొదలంటా కోసి, కోసిన కొన కిందికి ఉండేలా గ్లాసులో నిలబెడితే చిక్కని పసుపు ద్రవం కారుతుంది. ముసాంబరం తయారయ్యేది దీనితోనే. చేదుగా ఉండే ఈ రసం గట్టి విరేచనకారి. గర్భిణులు, పిల్లలు దాని జోలికి పోకూడదు. అది పూర్తిగా కారిపోయాక ఆకును కడిగి, చెక్కు తీసి, లోపలి గుజ్జును మాత్రమే ఒంటికి రాసుకోవాలి.