శనివారం పొద్దున, గోషెన్‌లో

ఐదున్నరకు లేచేసరికి మామయ్యగారు అప్పటికే తయారై హాల్లో కూర్చుని ఉన్నారు, చెవులకు మఫ్లరు చుట్టుకుని. జూన్ వచ్చినా ఈ న్యూయార్క్ రాష్ట్రపు మిడిల్‌టౌన్ పొద్దుటి చలి ఆయనకు ఇంకా అలవాటు కాలేదు. ఒంగోలు దగ్గర పల్లెలో జీవితమంతా వ్యవసాయం చేసిన మనిషి. ఆరు నెలలుందామని మా దగ్గరికి వచ్చి, మోకాళ్ళ నొప్పులతో రెండు నెలలుగా కిటికీలోంచి కార్లు చూస్తూ గడిపేస్తున్నారు. నొప్పి కాస్త తగ్గి, ఇవాళే మొదటిసారి నాతో బయల్దేరారు.

తోడల్లుడి కుటుంబం నిన్న రాత్రి ఎడిసన్ నుంచి వచ్చింది. పిల్లలిద్దరికీ లెగోలాండ్ అనే ఆటల పార్కు చూపించాలని. మనవాళ్ళలో చాలామందికి గోషెన్ అనే ఊరు 2021 నుంచే తెలుసు, ఆ లెగోలాండ్ తెరిచాకే. అదే ఊళ్ళో 1838 నుంచి గుర్రాలు పరిగెడుతున్న ట్రాక్ ఉందని వాళ్ళకెవరూ చెప్పరు. అందుకే నేను చెప్తాను. లెగోలాండ్‌కని మా ఇంటికి ఎవరొచ్చినా ఒకటే అడుగుతాను: వాళ్ళు గేట్లు తెరిచేలోపు ఒక్క గంట నాతో రండి అని.

రాత్రి భోజనాల దగ్గర వదిన సందేహంగానే అడిగింది. "పిల్లల్ని గుర్రప్పందేలకి తీసుకెళ్తారా మరిదిగారూ?" ఆమె భయం నాకు అర్థమైంది. మనకు రేసులంటే మలక్‌పేట, చేతిలో టిక్కెట్లు, పొలం అమ్ముకున్న ఎవరో దూరపు చుట్టం కథ. ఇక్కడా పందేలు కాస్తారు, ఆ మాట నేను దాచను. కానీ నాకు ఆటతో పరిచయం అక్కడి నుంచి కాలేదు, ఎవరికైనా అక్కడి నుంచి మొదలుపెట్టి చెప్పడం నాకు ఇష్టం లేదు. "పొద్దున పందెం ఉండదు వదినా, గుర్రాలకు కసరత్తు చేయిస్తారు, అంతే" అన్నాను. సరే అంది.

ట్రాక్ ఊరి మధ్యలోనే ఉంటుంది. అర మైలు చుట్టు. మేం వెళ్ళేసరికి పొగమంచు ఇంకా పూర్తిగా విడవలేదు. గుర్రం కనపడకముందే చప్పుడు వినిపించింది. టక్ టక్ టక్ టక్, మధ్యలో ఎక్కడా తడబాటు లేకుండా. చిన్నాడు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. మంచులోంచి ముందు తల, తర్వాత ఛాతీ, ఆ వెనక రెండు చక్రాల బండి, దాని మీద వెనక్కి వాలి కూర్చున్న మనిషి. మా ముందు నుంచి వెళ్తుంటే ముక్కుల్లోంచి గుర్రం ఊపిరి కూడా వినపడింది. పెద్దది ఏడేళ్ళ పిల్ల, "దాని మీద ఎవరూ ఎక్కలేదేంటి?" అంది. హార్నెస్ రేసింగంటే అదే. గుర్రం మీద ఎవరూ ఎక్కరు, గుర్రం బండిని లాగుతుంది, గాలప్, అంటే దూకుతూ తీసే పరుగు, చేయకుండా ఒకే నడకలో పరిగెత్తాలి.

మొదట్లో నేను తప్పు చేసేవాణ్ణి. కొత్తవాళ్ళు వస్తే క్వార్టర్ మైలు టైములు, గుర్రాల వంశాలు, ఏ డ్రైవర్ ఎన్ని గెలిచాడు, అన్నీ ఒకేసారి కుమ్మరించేసేవాణ్ణి. పాపం మర్యాదకి తలాడించి ఫోన్లు తీసుకునేవాళ్ళు. ఇప్పుడు ఒక్కటే చూపిస్తాను. ఇవాళ పిల్లల్ని కంచె పక్కన నడవమన్నాను. "కుడి కాలు ముందుకేస్తే ఏ చెయ్యి ముందుకెళ్తోంది?" నడిచి చూసుకుని "ఎడమది!" అని అరిచారు. అదీ ట్రాట్. కుడి ముందుకాలు, ఎడమ వెనకకాలు ఒకేసారి లేస్తాయి. ఇప్పుడు కుడి కాలు, కుడి చెయ్యి కలిపి నడవండన్నాను. ఒంటెలా అటూ ఇటూ ఊగుతూ నడిచారు. అదీ పేస్. ఒంటె నిజంగానే అలా నడుస్తుంది. ఆ తర్వాత ట్రాక్ మీదికి వచ్చిన ప్రతి గుర్రాన్నీ "ఇది మనిషి నడక, ఇది ఒంటె నడక" అని పిల్లలే చెప్పడం మొదలుపెట్టారు. తోడల్లుడు అన్నయ్య కూడా ఫోన్ జేబులో పెట్టేశాడు. నా మట్టుకు నాకు ట్రాటర్లే ఇష్టం. పేసర్లకు ఎక్కువగా కాళ్ళకు పట్టీలు వేస్తారు, నడక తప్పకుండా అవి కాపాడతాయి. ట్రాటర్‌కి చాలాసార్లు ఆ సాయం ఉండదు. భారమంతా డ్రైవర్ చేతుల మీదే.

ఆ చేతుల గురించి నాకు నేర్పుతున్నది ఇక్కడి ఒక పెద్దాయన. డెబ్బై దాటాయి. శనివారాలు ఆయన గుర్రాలకు నీళ్ళు పెడతాను, కళ్ళేలు కడుగుతాను, పరిగెత్తి వచ్చినవాటిని చల్లబడేదాకా నడిపిస్తాను. దానికి బదులుగా ఇద్దరు కూర్చునే జాగింగ్ బండిలో నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, తిన్నగా ఉన్నచోట పగ్గాలు నాకిస్తారు. పోయిన వారం మలుపు దగ్గర ఆడగుర్రం కాస్త ముందుకు లాగింది. నాకు టెన్షన్ వచ్చి నేనూ లాగాను. అంతే, ట్రాట్ తప్పి గాలప్‌లో పడింది. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. పగ్గాలు తీసుకుని, పక్కకు తెచ్చి, నెమ్మదిగా మళ్ళీ నడకలో పెట్టారు. పందెంలోనూ ఇదే నియమం. గుర్రం గాలప్‌లో పడితే డ్రైవర్ దాన్ని ఖాళీ ఉన్న పక్కకు తీసి, వేగం తగ్గించి, నడకలోకి తేవాలి. గాలప్‌తో ముందుకెళ్ళి లాభపడకూడదు. ఆ రోజంతా నాకు మనసు మనసులో లేదు.

ఇవాళ ఆయన నన్ను బండి ఎక్కించలేదు. షెడ్డులో నిలబెట్టి పగ్గాలు నా చేతికిచ్చి, కళ్ళెం తన రెండు చేతుల్లో పట్టుకుని, కళ్ళు మూసుకున్నారు. నేను గుర్రం అనుకో, నీ ఇష్టమొచ్చినట్టు వేళ్ళు కదుపు అన్నారు. కుడి ఉంగరపు వేలు కొంచెం బిగించాను. "కుడి" అన్నారు. ఎడమ మణికట్టు వెంట్రుకవాసి తిప్పాను. "ఎడమ." ఏమీ కదపకుండా నిలబడ్డాను. "ఊపిరి బిగపట్టావు" అన్నారు. కళ్ళు మూసుకునే. వారం రోజులుగా నేను ఆ మలుపులో ఎంత గట్టిగా లాగానో అనుకుంటున్నాను. ఆ ఆడగుర్రానికి అంతకంటే చాలా ముందే తెలిసిపోయింది.

మామయ్యగారు ఇదంతా తలుపు దగ్గర నిలబడి చూస్తున్నారు. గుర్రం దగ్గరికి వెళ్ళి కళ్ళ గంతలు ముట్టుకుని, "ఒంగోలు టేషను కాడ జట్కా గుర్రాలకీ ఇవే" అన్నారు. బండి నొగలు ఒక్కచేత్తో ఎత్తి చూసి, ఇంత తేలికా అని ఆశ్చర్యపోయారు. పెద్దాయన గుర్రాన్ని కట్టి ట్రాక్ మీదికి తీసుకెళ్తుంటే కంచె పట్టుకుని రెండు చుట్లు మాట్లాడకుండా చూశారు. ఆయన బండలాగుడు పోటీలకు గిత్తల్ని మేపిన మనిషి. ముల్లుకర్ర, చెర్నాకోల అన్నీ తెలిసినవాడు. మూడో చుట్టులో అన్నారు: "ఆయన లాగట్లేదు బాబూ. అది లాగితే వదుల్తున్నాడు, అది వదిలితే పట్టుకుంటన్నాడు."

రెండు నెలలుగా పెద్దాయన నాకు ఇంగ్లీషులో చెప్తున్నది ఇదే. నాకు ఇవాళ ఒంగోలు యాసలో అర్థమైంది.

పెద్దాయన తిరిగొచ్చాక ఇద్దరూ నా ద్వారా కాసేపు మాట్లాడుకున్నారు. గిత్తల్ని ఎలా అదిలిస్తారని ఆయన అడిగితే మామయ్యగారు నాలుక అంగిట్లో కొట్టి చూపించారు. పెద్దాయన అదే చప్పుడు తిరిగి చేశారు. ఆడగుర్రం చెవులు రెండూ వెనక్కి తిప్పింది. దానికి నా అనువాదం అక్కర్లేకపోయింది.

లెగోలాండ్‌కి వెళ్ళేముందు పక్క ఊరు చెస్టర్‌లో ఐదు నిమిషాలు ఆగాం. హాంబిల్టోనియన్ సమాధి అక్కడే. 1849లో పుట్టిన గుర్రం. రిస్‌డైక్ అనే వ్యవసాయ కూలీ తల్లినీ పిల్లనీ కలిపి 125 డాలర్లకు కొన్నాడు. దానికి 1,331 పిల్లలు పుట్టాయి. ఈవేళ అమెరికాలో ఇలా బండ్లు లాగుతూ పరిగెత్తే స్టాండర్డ్‌బ్రెడ్ జాతి గుర్రాలు దాదాపు అన్నీ దాని సంతతే. రాతి స్తంభం చూసి మామయ్యగారు చెప్పులు విప్పారు. ఎందుకని నేను అడగలేదు.

ఇక్కడ నాకు ఫ్రీహోల్డ్ గుర్తొచ్చింది. న్యూజెర్సీలో 1850ల నుంచి పందేలు నడిచిన చోటు అది. 2024 డిసెంబరు 28న ఆఖరిది పరిగెత్తించి మూసేశారు. చుట్టుపక్కల ఊళ్ళలో ఎంతమంది తెలుగువాళ్ళం ఉన్నాం! అందులో నా స్నేహితులే పది కుటుంబాలు. ఆ ట్రాక్ ముందు నుంచి కార్లలో వెళ్ళినవాళ్ళే, లోపలికి ఒక్కరూ వెళ్ళలేదు. నేను ఒక్కరినీ తీసుకెళ్ళలేదు. ఆ బాధ నాకు పోలేదు. ఇప్పుడు వారానికో కుటుంబాన్నైనా కంచె దాకా తీసుకొస్తున్నానంటే అది కూడా ఒక కారణం.

సాయంత్రం అందరూ అలిసిపోయి వచ్చారు. పప్పుచారు, వడియాలతో అన్నాలు తిన్నాక టీవీలో న్యూజెర్సీలోని మెడోలాండ్స్ ట్రాక్ పందేలు పెట్టాను. 2022 జూలైలో బుల్‌డాగ్ హానోవర్ అనే పేసర్ మైలును 1 నిమిషం 45.8 సెకన్లలో పూర్తిచేసింది ఆ ట్రాక్ మీదే. పందెం మొదలుపెట్టించే కారు రెక్కలు చాపి ముందు వెళ్తుంటే గుర్రాలన్నీ దాని వెనక వరసగా వేగం అందుకోవడం, గీత దగ్గర రెక్కలు ముడుచుకుని కారు దూరంగా వెళ్ళిపోవడం చూసి చిన్నాడు చప్పట్లు కొట్టాడు. రెండో పందెంలోనే మామయ్యగారు అన్నారు: "ఆ బయట ఒంటరిగా పోయేది అలిసిపోద్ది. దాని వెనకున్నోడు గాలి తగలకుండా దాక్కున్నాడు, సూడండి." చివరి మలుపు తిరగ్గానే ఆ దాక్కున్న గుర్రమే బయటికి తీసి నాలుగు అంగల్లో దాటేసింది. వదిన సోఫాలో ముందుకు జరిగి కూర్చుంది.

తర్వాత జాన్ క్యాంప్‌బెల్ అనే డ్రైవర్ పాత వీడియో ఒకటి పెట్టాను, 1987లో మాక్ లోబెల్ అనే గుర్రాన్ని తోలి, పొద్దున సమాధి చూసిన ఆ హాంబిల్టోనియన్ పేరు మీద జరిగే పందెం గెలిచినది. అదే పందెం ఆయన మొత్తం ఆరుసార్లు గెలిచారు. ఎన్నిసార్లు చూసినా నాకు ఆయన చేతులు కదిలినట్టే అనిపించదు. మళ్ళీ ఒకసారి వెయ్యమన్నారు మామయ్యగారు.

ఇది రాస్తుంటే పదైంది. పిల్లలింకా పడుకోలేదు. హాల్లోంచి మాటలు వినిపిస్తుంటే వెళ్ళి చూశాను. చిన్నాడు డైనింగ్ కుర్చీలో వెనక్కి వాలి కూర్చున్నాడు, చేతుల్లో వాళ్ళమ్మ చున్నీ రెండు కొసలు. చున్నీ మధ్యభాగాన్ని తాతయ్య రెండు చేతులతో పట్టుకుని, కళ్ళు మూసుకుని ఎదురుగా నిలబడ్డారు.

"ఎడం చేత్తో లాగావు" అంటున్నారు. "అంత గట్టిగా కాదురా. మళ్ళీ."