బరువు తగ్గిన దీపం

శనివారం

భోజనాల బల్ల మీద వేలాడే పాత ఇత్తడి దీపాన్ని కిందికి లాగితే, అది లాగినచోట నిలవకుండా మెల్లగా మళ్ళీ పైకి వెళ్ళిపోతోందన్న ఫిర్యాదు మా ఇంట్లో చాలాకాలంగా ఉంది. రాత్రంతా మంచు కురవడం వల్ల ఈరోజు బయటికి కదిలే పని లేకపోయింది కనుక, దాని సంగతేమిటో చూద్దామని పొద్దున్నే నిచ్చెన వేసుకున్నాను. అమెరికాలోని కనెటికట్ రాష్ట్రంలో మేము కొన్న ఈ పాత ఇంటితోపాటే వచ్చిన దీపం అది. కిరసనాయిలు దీపంగా ఉన్న దాన్ని మాకంటే ముందున్నవాళ్ళు ఎప్పుడో కరెంటు దీపంగా మార్చి, అసలు బర్నర్‌ను మాత్రం పారేయకుండా వంటింటి సొరుగులో దాచి వెళ్ళారు. ఆ బర్నర్‌లో వత్తిని పైకీ కిందికీ తిప్పే చిన్న మర మీద బి, హెచ్ అన్న రెండు ఇంగ్లీషు అక్షరాలు ఇప్పటికీ స్పష్టంగా ఉన్నాయి. అవి బ్రాడ్లీ అండ్ హబ్బర్డ్ కంపెనీ గుర్తు. 1852లో మొదలైన ఆ కంపెనీ మా ఇంటికి ఎంతో దూరం లేని మెరిడెన్ పట్టణంలోదే. వెండి, ఇత్తడి సామాన్లకు పేరుపడ్డ ఆ ఊరిలో ఒకప్పుడు దీపాలు చేసే కంపెనీలు ఇంకా ఉండేవి.

ఇలాంటి దీపాన్ని ఇక్కడివాళ్ళు లైబ్రరీ ల్యాంప్ అంటారు. నడుమ ఇత్తడి చట్రం, దానిలో కిరసనాయిలు బుడ్డి, పైన 14 అంగుళాల వెడల్పున బోర్లించిన గాజు గుమ్మటం, గుమ్మటం అంచు చుట్టూ వేలాడే గాజు లోలకులు, వాటన్నిటికీ పైన మసి కప్పుకు అంటకుండా పట్టే చిన్న పొగ గంట ఉంటాయి. దీపం రెండు గొలుసుల మీద వేలాడుతూ ఉంటుంది. ఆ గొలుసులు కప్పు కొక్కేనికి తగిలించిన గుండ్రని ఇత్తడి డబ్బాలోకి వెళ్ళి మాయమవుతాయి. దీపాన్ని ఎక్కించే, దించే మర్మమంతా ఆ డబ్బాలోనే ఉంది.

దించవలసిన అవసరం ఏమిటన్నది కరెంటు మీట నొక్కడానికి అలవాటుపడిన మనకు వెంటనే తట్టదు. కిరసనాయిలు దీపం రోజూ చేతికి అందాలి: నూనె పోయాలి, మాడిన వత్తి కొసను కత్తిరించాలి, చిమ్నీ తుడవాలి, వెలిగించాలి, ఆర్పాలి. ఇది ఒక కారణం. రెండవది వెలుగు. బల్లకూ దీపానికీ మధ్య ఉన్న దూరాన్ని సగానికి తగ్గిస్తే బల్ల మీద పడే వెలుగు దాదాపు నాలుగు రెట్లవుతుంది. ఒకే ఒక్క వత్తితో ఇంటిల్లిపాదీ చదువుకోవాలన్నా, బట్టలు కుట్టుకోవాలన్నా ఈ నాలుగు రెట్లు చిన్న విషయం కాదు. అలాగని దీపాన్ని ఎప్పుడూ తల తగిలే ఎత్తులో ఉంచలేరు. కనుక మనుషులు నడిచేటప్పుడు పైకి, కూర్చున్నప్పుడు కిందికి, ఎక్కడ వదిలితే అక్కడే నిలిచే దీపం కావాలి. ఇందులో ఎక్కడం, దిగడం సులువు. నిలవడమే కష్టం.

పూర్వం ఈ కష్టాన్ని మొరటుగా దాటేవారు. ఈ ప్రాంతంలో వలసలు వచ్చిన తొలికాలపు ఇళ్ళలో, కొవ్వొత్తి పెట్టే చెక్క పట్టీకి రంపపు పళ్ళు కోసి, ఏ పంటిలో కొక్కెం తగిలిస్తే ఆ ఎత్తులో నిలిచేలా చేసుకునేవారు. పొయ్యి మీద కుండను ఎత్తుకూ పల్లానికీ మార్చడానికి వాడిన ఉపాయమే అది. చర్చీలలో, పెద్ద హాళ్ళలో దీపపు గుత్తులకు తాడు కట్టి, దాన్ని కప్పు మీది కప్పీ గుండా గోడ దాకా తెచ్చి, అక్కడి మేకుకు చుట్టేవారు. మన గిలక బావి దగ్గర నీళ్ళ బిందె పైకొచ్చాక తాడును కాలికింద తొక్కిపట్టినట్టే, దీపం బరువంతా ఆ చుట్టు మీదే ఆధారపడి ఉంటుంది. ఇలా చేయాలంటే గోడ దగ్గర ఒక మనిషి ఉండాలి, తాడు జారకూడదు. భోజనాల గదిలో అది కుదిరే పని కాదు.

కుదిరే మార్గం ఎదురు బరువు. యూరపు దీపాలలో చాలావాటికి మూడు గొలుసులు పైనున్న మూడు కప్పీల మీదుగా తిరిగి, నడుమ వేలాడే గంట ఆకారపు బరువుకు చేరతాయి. ఆ గంట లోపల ఇసుకో, సీసపు గుండ్లో నింపుతారు. దీపమెంత బరువో అదీ అంతే ఉంటే రెండూ సరితూగి, దీపం ఎక్కడ వదిలితే అక్కడ నిలుస్తుంది. తరువాత కరెంటు దీపాలకు వచ్చిన పింగాణీ ఎదురు బరువులలో ఒక చిన్న మెలిక ఉంది. వైరు కప్పు నుంచి దిగి, బరువుకున్న కప్పీ కింద నుంచి తిరిగి, మళ్ళీ పైకి పోయి, ఇంకో కప్పీ దాటి దీపానికి వస్తుంది. బరువును రెండు పేటల వైరు మోస్తుంది కనుక అది దీపానికి రెట్టింపు ఉండాలి. దానికి ప్రతిఫలంగా బరువు ఒక అడుగు పైకి వెళితే దీపం రెండు అడుగులు దిగుతుంది. తక్కువ ఎత్తున్న గదులకు ఇది ఎంతో తెలివైన ఏర్పాటు.

గ్యాసు దీపాల సంగతి ఇంకా సున్నితమైనది, ఎందుకంటే గొట్టాన్ని గొలుసులా చుట్టలేరు. అందుకని ఒక గొట్టంలో ఇంకొకటి జారేలా చేసి, రెండింటి మధ్యనున్న సందులో నీళ్ళు పోసి, ఆ నీటితోనే గ్యాసు బయటికి రాకుండా బంధించేవారు. దీపాన్ని ఎదురు బరువులు మోస్తుంటే గొట్టం నీటిలో జారుతూ పొడవు పెరిగేది, తగ్గేది. ఆ నీరు ఎండిపోతే గ్యాసు గదిలోకి వచ్చేస్తుంది. నీరు ఆవిరి కాకుండా పైన కొంచెం నూనె పోయమని చెప్పేవారు. భోజనాల బల్ల మీద అలాంటి దీపం వేలాడుతుంటే నాకైతే ముద్ద దిగేది కాదు. ఎదురు బరువును కూడా అన్నివేళలా నమ్మలేం. పారిస్‌లోని పాలే గార్నియే నాటకశాలలో సుమారు ఏడు టన్నుల షాండ్లియర్, అంటే పెద్ద దీపపు గుత్తి, ఉంది. 1896 మే 20న ప్రదర్శన జరుగుతుండగా పడిపోయింది ఆ షాండ్లియర్ కాదు, దాని ఎదురు బరువులలో ఒకటి. అది కప్పును చీల్చుకుని వచ్చి ప్రేక్షకులలో ఒకామె ప్రాణం తీసింది.

మా దీపానికి ఎదురు బరువు లేదు, దాని బదులు స్ప్రింగు ఉంది. డబ్బాలో గడియారపు చుట్టలాంటి వెడల్పాటి ఉక్కు పట్టీ ఒక డ్రమ్ముకు చుట్టి ఉంటుంది. దీపాన్ని లాగితే గొలుసు డ్రమ్ము మీద నుంచి విడివడుతూ పట్టీని బిగిస్తుంది, వదిలితే పట్టీ గొలుసును వెనక్కు చుట్టుకోవాలని చూస్తుంది. వేలాడే గంట అడ్డు లేదు కనుక చూపుకు ఇది చాలా అందంగా ఉంటుంది. అయితే ఎదురు బరువు ఎప్పుడూ ఒకే లాగు లాగుతుంది, స్ప్రింగు అలా కాదు. ఎంత కిందికి లాగితే అంత గట్టిగా వెనక్కు గుంజుతుంది. పైగా దీపం బరువు కూడా స్థిరంగా ఉండదు: రాత్రి గడిచేకొద్దీ నూనె కాలిపోయి బుడ్డి తేలికవుతుంది. అంటే మారే బలంతో మారే బరువును నిలబెట్టాలి. ఈ రెండింటి మధ్య రాజీ కుదిర్చేది రాపిడి. ఉక్కు పట్టీ చుట్లు ఒకదాని మీద ఒకటి రాసుకోవడం, డ్రమ్ము ఇరుసు బిగువు, గొలుసు కప్పీల మీద తిరిగేటప్పుడు కలిగే నిరోధం అన్నీ కలిసి, చిన్న తేడాలను దీపం పట్టించుకోకుండా చేస్తాయి. యంత్రం అనగానే మనకు కందెన గుర్తుకొస్తుంది కాని, ఇక్కడ ఆ బిగువే దీపాన్ని నిలబెడుతోంది. అందుకే డబ్బాలో నూనె చుక్క కూడా వేయలేదు.

మూడు నెలల కోసమని తెనాలి నుంచి వచ్చిన అమ్మ, నేను నిచ్చెన మీద నిలబడి డబ్బా వంక చూస్తుంటే కాసేపు ఓపిక పట్టి, ‘‘ఒరేయ్, బుడ్డిలో నూనె లేదు గదరా, అది కిందెట్టా ఆగుద్ది?’’ అంది. నేను పైన చూస్తున్న తప్పంతా కిందనే ఉందని అప్పుడు తట్టింది. దీపం చేసినవాళ్ళు స్ప్రింగును చిమ్నీ, బర్నర్, నూనెతో కలిపిన బరువుకు సరిపోయేలా బిగించారు. కరెంటు పెట్టినవాళ్ళు ఆ మూడింటినీ తీసేసి, చేతిలో ఉన్నట్టే తెలియని ఎల్‌ఈడీ బల్బు పెట్టారు. మోయవలసిన బరువు తగ్గిపోవడంతో స్ప్రింగు దీపాన్ని పైకి గుంజేస్తోంది. కరెంటు దీపాలుగా మార్చిన పాత దీపాలలో చాలావాటికి ఉన్న జబ్బే ఇది. మందు కూడా అందరికీ తెలిసిందే: ఖాళీ బుడ్డిలో బరువు వేయాలి. తేల్చవలసింది ఎంత వేయాలన్నదే.

దానికి కందిపప్పు పనికొచ్చింది. గుడ్డ సంచీ ఒకటి చట్రం అడుగున ఉన్న రింగుకు కట్టి, దీపాన్ని అందినంత కిందికి లాగి, అమ్మ గుప్పెడు గుప్పెడుగా పప్పు పోస్తుంటే చూస్తూ కూర్చున్నాను. మొదట దీపం పైకి వెళుతూనే ఉంది, తరువాత వెళ్ళాలా వద్దా అన్నట్టు తటపటాయించింది, ఆ తరువాత ఆగిపోయింది. సంచీని ఊరికి పోయేటప్పుడు సూట్‌కేసులు తూచే కొక్కెం తక్కెడకు తగిలిస్తే 350 గ్రాములు తూగింది. ఇక రెండవ హద్దు చూడాలి. దీపాన్ని పూర్తిగా పైకి తోసి, అది తనంతట తాను కిందికి జారడం మొదలుపెట్టేవరకు పప్పు పోశాము. అప్పటికి సంచీ 850 గ్రాములయింది. అంటే 350కీ 850కీ మధ్య ఎంత బరువు కలిపినా దీపం ఏ ఎత్తులోనైనా నిలుస్తుంది.

ఈ 500 గ్రాముల వెసులుబాటు నన్ను చాలాసేపు ఆలోచింపజేసింది. లీటరు కిరసనాయిలు సుమారు 800 గ్రాములుంటుంది కనుక, 500 గ్రాములంటే ఆరు వందల మిల్లీలీటర్ల పైచిలుకు నూనె. బుడ్డి చూస్తే అందులో పట్టేదీ దాదాపు అంతే. అంటే చిమ్నీ, బర్నర్ ఉండి బుడ్డి ఖాళీ అయినప్పుడు కింది హద్దు, బుడ్డి నిండుగా ఉన్నప్పుడు పై హద్దు వచ్చేలా స్ప్రింగు బలాన్నీ, రాపిడినీ సరిచూసి ఉండాలి. సాయంత్రం నింపిన దీపం తెల్లవారేసరికి ఎంత తేలికపడినా లేచిపోకుండా ఉండడానికి ఎవరో ఇది లెక్క కట్టారని నా నమ్మకం. ఈ దీపంలో నన్ను ఇత్తడి మీది చెక్కడం కంటే ఇదే ఎక్కువ ఆకట్టుకుంది.

నడిమి బరువు 600 గ్రాములు. గ్యారేజీలో పడి ఉన్న ఇనుప నట్లు, వాషర్లు కలిపి ఆ మేరకు తూచి, గలగలమనకుండా పాత పంచె ముక్కలో మూట కట్టి, బుడ్డి మూతిలో నుంచి లోపలికి దించాలి. సీసపు గుండ్లు చిన్నవిగా ఉండి సులువుగా పడతాయి కాని, అన్నం తినే చోట సీసం వద్దనుకున్నాను. బుడ్డిని బయటికి తీయాలంటే ముందు దీపం బరువు గొలుసుల మీద నుంచి తొలగించాలి. ఇక్కడ ఒక ప్రమాదం పొంచి ఉంది. బరువు తీయగానే గొలుసులు ఒక్క ఉదుటున డబ్బాలోకి దూసుకుపోతాయి, స్ప్రింగు విడిపోతుంది, తరువాత దాన్ని తిరిగి బిగించడానికి ఆ డబ్బా విప్పాలి. బిగువుగా చుట్టుకుని ఉన్న ఉక్కు పట్టీ చేతి మీదికి వస్తే వేళ్ళకే ముప్పు. అందుకని దీపాన్ని బల్ల మీద పరిచిన దుప్పటి మీదికి దించి, డబ్బా అంచు దగ్గర రెండు గొలుసుల లంకెలలో నుంచీ మందపాటి రాగి తీగ దూర్చి మెలిపెట్టాను. అది డబ్బా నోటికి అడ్డుపడి, గొలుసులను అంగుళం కూడా లోపలికి పోనివ్వలేదు. ఆ తరువాతే కొక్కేలు విప్పి, గుమ్మటం తీసి, బుడ్డిని చేతిలోకి తీసుకున్నాను. దాని అడుగున ఎప్పటి కిరసనాయిలో గాని బంకలా పట్టి ఉంది. మూత తీయగానే అమ్మ ముక్కు ఎగబీల్చి, ‘‘ఇదిగో, ఇప్పుడు దీపంలా ఉంది’’ అంది.

మూట వేసి, అన్నీ తిరిగి అమర్చి, తీగ విప్పాక దీపాన్ని బల్లకు రెండడుగుల ఎత్తున వదిలాను. అక్కడే ఉంది. తల మీదికి తోశాను. అక్కడా ఉంది. చేతి కొనతో తాకితే చాలు, అడిగినంత కదిలి ఆగుతోంది. గొలుసుల వెంట సాగిన కరెంటు వైరు మాత్రం దీపం ఎక్కినప్పుడల్లా ముడత పడుతోంది, దాని పైతొడుగు ఒకచోట పెళుసుబారింది. ఆ వైరు మార్చడం నేను చేసే పని కాదు కనుక ఎలక్ట్రీషియన్‌కు కబురు చేశాను. అతను వచ్చి చూసేదాకా దీపం వెలిగించవద్దని ఇంట్లో చెప్పాను.

సాయంత్రం మా అమ్మాయి గుమ్మటం అంచున లోలకులు రాలిపోయిన ఖాళీలను చూపించి, ‘‘నాన్నా, అవి కూడా తెప్పిద్దాం’’ అంది. తెప్పించవచ్చు, పాత నమూనా లోలకులు ఇప్పటికీ దొరుకుతాయి. అవి వచ్చాక ఒక్కొక్కదాన్నీ తూచి, ఆ బరువుకు సరిపడా మూటలో నుంచి నట్లు తీసేయాలి.