న్యూయార్క్ స్పెషలైజ్డ్ హైస్కూళ్లు: ఆప్షన్లు ఏ వరుసలో పెట్టాలి?

ఎంసెట్ చూసినవాళ్లకి వెబ్ ఆప్షన్ల గురించి చెప్పక్కర్లేదు. ర్యాంకు వచ్చాక కాలేజీలు వరుసగా పెడతాం. మన వంతు వచ్చేసరికి ఆ వరుసలో సీటు మిగిలి ఉన్న మొదటి కాలేజీ మనకొస్తుంది. న్యూయార్క్ సిటీ పబ్లిక్ స్కూళ్లు కూడా స్పెషలైజ్డ్ హైస్కూళ్ల, అంటే పరీక్షలో ప్రతిభ చూసి చేర్చుకునే ప్రభుత్వ హైస్కూళ్ల, సీట్లను ఈ పద్ధతిలోనే ఇస్తాయి. కాకపోతే అక్కడ స్కోరు తెలియకముందే ఆప్షన్లు పెట్టేయాలి. తల్లిదండ్రులు తప్పటడుగు వేసేది సరిగ్గా అక్కడే.

ఇలాంటి స్కూళ్లు మొత్తం 9. వాటిలో లగార్డియా కళల స్కూలు. సంగీతం, నృత్యం, నటన, చిత్రలేఖనం లాంటి విభాగాల్లో ఆడిషన్ పెట్టి, మార్కులు కూడా చూసి తీసుకుంటారు. మిగతా 8 స్కూళ్లకీ ఎస్‌హెచ్‌శాట్ అనే ఒకే పరీక్ష. వాటిలో స్టైవసెంట్, బ్రాంక్స్ సైన్స్, బ్రూక్లిన్ టెక్‌లకు ఆ పరీక్ష ఒక్కటే ప్రాతిపదికని 1971లో రాష్ట్ర చట్టమే చేశారు. ఏటా 25 వేలకు పైగా ఎనిమిదో తరగతి పిల్లలు రాస్తే సుమారు 4 వేల మందికి సీటు వస్తుంది.

అర్హతకి మొదట చూసేది ఇల్లు ఎక్కడుందన్నది. మన్‌హాటన్‌లో ఉద్యోగం చేస్తూ పక్క రాష్ట్రం న్యూజెర్సీలోని జెర్సీ సిటీలోనో ఎడిసన్‌లోనో ఉండే తెలుగు కుటుంబాలకి ఇవి వర్తించవు. నగరంలోని ఐదు బరోల్లో, అంటే ఐదు పెద్ద విభాగాల్లో, ఒకదానిలో నివాసం ఉండాలి. మనవాళ్లు చాలామంది ఇళ్లు చూసుకునే ఫ్లోరల్ పార్క్ దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. ఆ పేరు క్వీన్స్ బరోలోనూ ఉంది, నగర సరిహద్దు అవతల నాసో కౌంటీలోనూ ఉంది. రెండు వీధుల తేడాతో అర్హత పోతుంది. లీజు మీద సంతకం పెట్టకముందే ఇల్లు ఏ వైపుందో చూసుకోండి.

ఇక ఆప్షన్లు. స్టైవసెంట్ మొదట పెట్టి, రెండోది బ్రాంక్స్ సైన్స్ పెట్టిన పాపకి స్టైవసెంట్‌కి స్కోరు చాలలేదనుకోండి. బ్రాంక్స్ సైన్స్‌కి సరిపోతే ఆ సీటు ఆమెదే. దాన్ని రెండో ఆప్షన్‌గా పెట్టినందుకు ఏ నష్టమూ లేదు. అదే, 'స్టైవసెంట్ ఎలాగూ రాదు' అనుకుని బ్రూక్లిన్ టెక్ పైన పెట్టారనుకోండి. రెండింటికీ సరిపడే స్కోరు వచ్చినా బ్రూక్లిన్ టెకే ఇస్తారు, తర్వాత మార్చమంటే కుదరదు. కటాఫ్ ముందుగా ఎవరూ నిర్ణయించరు. ఆ ఏడాది చివరి సీటు పొందిన పిల్లల స్కోరే కటాఫ్. కాబట్టి పోయినేటి అంకెలు చూసి వరుస మార్చడంలో అర్థం లేదు. నిజంగా ఎక్కడ చదవాలనుందో ఆ వరుసే పెట్టాలి. పంపించే ఉద్దేశం లేని స్కూలు జాబితాలో అసలు ఉండకూడదు.

ఆ ఉద్దేశాన్ని తేల్చేది చాలాసార్లు ప్రయాణమే. ఫ్లోరల్ పార్క్ నుంచి స్టైవసెంట్‌కి వెళ్లాలంటే బస్సులో జమైకా చేరి, అక్కడ 'E' అనే సబ్‌వే ట్రైన్ ఎక్కి, చివరి స్టేషన్ వరల్డ్ ట్రేడ్ సెంటర్‌లో దిగి నడవాలి. పద్నాలుగేళ్ల పిల్లలకి నాలుగేళ్లపాటు రోజూ ఇదే దారి. దారిలో తగిలే జమైకాలోనే యార్క్ కాలేజీ ఆవరణలో క్వీన్స్ హైస్కూల్ ఫర్ ది సైన్సెస్ ఉంది. అది చిన్న స్కూలు. బ్రూక్లిన్ టెక్‌లో దాదాపు 6 వేల మంది చదువుతారు. ఏ పిల్లలకి ఏది నప్పుతుందో పేరు చూసి చెప్పలేం. ఆప్షన్లు పెట్టకముందే ఒక పనిదినం పొద్దున్నే పిల్లల్ని వెంటబెట్టుకుని ఆ దారిలో ఒకసారి వెళ్లిరండి.

పరీక్షలో ఇంగ్లిష్ 57, లెక్కలు 57, మొత్తం 114 ప్రశ్నలకు 180 నిమిషాలు ఇస్తూ వచ్చారు. ఒక్కో భాగంలో 10 ప్రశ్నలకు మార్కులుండవు, కానీ అవి ఏవో తెలియదు. తప్పు జవాబుకి మార్కు కొయ్యరు, అందుకని ఏదీ వదలకూడదు. కాలిక్యులేటర్ ఇవ్వరు, సూత్రాలూ ఇవ్వరు. లెక్కల్లో కొన్ని ప్రశ్నలకు జవాబు తామే రాయాలి. మన పిల్లలు లెక్కల మీద ధీమాతో వెళ్లి, ఇంగ్లిష్‌లో వాక్యాలు సరిదిద్దే ప్రశ్నల దగ్గరా పద్యం చదివి చెప్పే ప్రశ్నల దగ్గరా టైమంతా పోగొట్టుకుంటారు. 2025 నుంచి పరీక్ష కంప్యూటర్ మీదే జరుగుతోంది. కాబట్టి చిత్తుకాగితం మీద లెక్క చేసి తెర మీద జవాబు పెట్టే అలవాటు ముందు నుంచే చేయించాలి.

ఒకే ఒక్క పరీక్షతో పిల్లల చదువు తేల్చేయడం నాకు సమ్మతం కాదు. 2025లో స్టైవసెంట్ ఇచ్చిన 781 సీట్లలో నల్లజాతి పిల్లలకు దక్కినవి 8. కోచింగ్‌కి డబ్బు పెట్టగలిగే ఇళ్లకీ, పరీక్ష ఉందన్న కబురే ఆలస్యంగా చేరే ఇళ్లకీ మధ్య ఉన్న దూరం ఆ అంకెలో ఉంది. డిస్కవరీ అనే వేసవి ప్రోగ్రామ్ ఆ దూరాన్ని కొంత తగ్గిస్తుంది. కటాఫ్‌కి కాస్త కింద ఆగిపోయిన, తక్కువ ఆదాయం ఉన్న కుటుంబాల పిల్లలకు అది. పేదరికం ఎక్కువున్న స్కూల్లో చదువుతుండాలన్న షరతు కూడా ఉంది. వేసవి క్లాసులు పూర్తిచేస్తే సీటు ఇస్తారు. మార్చిలో ఫలితాలు వచ్చాక, సీటు రాలేదని ఊరుకోకుండా డిస్కవరీకి అర్హత ఉందేమో స్కూల్ కౌన్సెలర్‌ని అడగండి.