పైఅంతస్తు అమ్మకానికి: బ్రోకర్ రాయనివి

మైలాపూరులో మేముంటున్న పైఅంతస్తు అమ్మకానికి పెట్టాం. కారణం మా ఆయన మోకాళ్లు. లిఫ్ట్ లేదు, మెట్లు 46. పాల ప్యాకెట్ మర్చిపోతే మళ్లీ దిగి ఎక్కే ఓపిక ఇద్దరిలో ఎవరికీ లేదు.

బ్రోకర్ పెట్టిన ప్రకటన చదివితే నాకే కొనాలనిపించింది. "చారిత్రక మైలాపూరులో టాప్ ఫ్లోర్ లాఫ్ట్ అపార్ట్‌మెంట్, 1,150 చదరపు అడుగులు, సొంత టెర్రస్, గోపురం వ్యూ, మెట్రో పక్కనే." అబద్ధమని అనలేను గానీ సగమే చెప్పాడు. మిగతా సగం నేను రాస్తున్నాను. మా నెల్లూరు వైపు నుంచి వచ్చి చెన్నైలో పాత ఇల్లు వెతుక్కునేవాళ్లు ఎవరైనా ఉంటే పనికొస్తుంది.

ముందు ఆ 1,150 సంగతి. దస్తావేజులో ఉన్నది 940. తక్కిన 210 ఆ చెక్క లాఫ్ట్. పాతకాలపు ఇల్లు కాబట్టి హాల్లో కప్పు 14 అడుగుల ఎత్తులో ఉంటుంది. మా అబ్బాయి సీఏ చదివే రోజుల్లో మామయ్య ఎక్కడో పడగొట్టిన ఇంటి టేకు కొనుక్కొచ్చి, వడ్రంగిని పెట్టి, హాల్లో ఒక పక్కన ఏడడుగుల ఎత్తున చిన్న గదిలాగా కట్టించారు. మెట్లు బాగా నిటారు. పైన ఆరడుగుల మనిషి దూలం దగ్గర తల వంచాల్సిందే. చదువుకోవడానికి, పడుకోవడానికి దివ్యంగా ఉంటుంది, కాదనను. కానీ అప్రూవ్డ్ ప్లాన్‌లో అది లేదు. లోన్ కోసం వచ్చిన బ్యాంకు వేల్యుయర్ ఇల్లంతా కొలిచి, లాఫ్ట్ వైపు ఒకసారి చూసి "ఇది ఫర్నిచర్ మేడమ్" అని టేపు చుట్టేశాడు. అతని మాటే కరెక్ట్. బీరువాకి చదరపు అడుగుల లెక్కన ఎవరూ డబ్బివ్వరు.

సొంత టెర్రస్ అన్నది కూడా అంతే. ఆ టెర్రస్ మూడు వాటాలవాళ్లది. కింది ఇంటావిడ వడియాలు, మధ్య ఇంటివాళ్ల బట్టలు, మా తులసి కోట, అన్నీ అక్కడే. పైఅంతస్తువాళ్లం కాబట్టి చేతికి దగ్గర, అంతవరకే. కాగితంలో రాసి లేని టెర్రస్‌కి ఎవరూ రేటు కట్టకండి. దానికి బదులు బ్రోకర్ గొప్పగా చెప్పుకోవాల్సింది యూడీఎస్, అంటే స్థలంలో మన వాటా. మొత్తం స్థలం గ్రౌండుంపావు. ఇక్కడ గ్రౌండు అంటే 2,400 చదరపు అడుగులు, కాబట్టి 3,000. అందులో మా వాటా 1,000. కొత్త అపార్ట్‌మెంట్లలో ఇంత ఫ్లాటుకి చాలా చోట్ల ఇందులో సగం కూడా రాదు. ఇంత పాత ఇంట్లో గోడలకి విలువ తగ్గుతూ పోతుంది, మీరిచ్చే డబ్బు నిజానికి ఆ వాటాకే. ఆ పైన 7 శాతం స్టాంపు డ్యూటీ, 2 శాతం రిజిస్ట్రేషన్ ఫీజు ముందే పక్కన పెట్టుకోండి. మాట్లాడుకున్న రేటులో అది కలవదు.

కపాలీశ్వరుడి గుడి గోపురం కనిపిస్తుంది, కానీ హాల్లోంచి కాదు. మేడ మీద నీళ్ల ట్యాంకు పక్కన నిలబడాలి. ఆ గుడి పంగుణి ఉత్సవాల్లో అరువత్తుమూవర్, అంటే అరవై ముగ్గురు నాయనార్ల ఊరేగింపు రోజున మాడవీధుల చుట్టుపక్కలకి ఆటో కూడా రాదు. ఆ జనం ఇష్టమైతే అదృష్టం, కాకపోతే నరకం. కారు పెట్టుకునే చోటు మాత్రం ఏ రోజూ లేదు. మెట్రో స్టేషన్ పని జరుగుతోంది, రెండు లైన్లు ఇక్కడే కలుస్తాయి. అది పూర్తయ్యేదాకా లజ్ కూడలి వైపు దుమ్మూ, దారి మళ్లింపులూ మన వంతు.

"చారిత్రక" అని రాసి గుడి, కాఫీ, సంగీత సభల దగ్గర ఆగిపోవడం నాకు నచ్చలేదు. కొనేవాడు తెలుగువాడైతే చెప్పడానికి ఇంకా బోలెడుంది. నేను పొద్దున్నే నడిచే పార్కు కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి పేరు మీదది. అమృతాంజనం, ఆంధ్రపత్రిక రెండూ ఆయనవే. ఆంధ్ర రాష్ట్రం వస్తే రాజధాని, హైకోర్టు ఎవరికన్నదాని మీద కోస్తా, రాయలసీమ నాయకులు 1937లో శ్రీబాగ్ ఒప్పందం చేసుకున్నది మద్రాసులోని ఆయన ఇంట్లోనే. రాజధాని గురించి టీవీలో గొడవ వచ్చినప్పుడల్లా ఆ ఇంటి పేరు వినబడుతుంది, అది ఏ ఊళ్లో ఉండేదో మాత్రం చాలామందికి తెలియదు. పొట్టి శ్రీరాములుగారు 58 రోజులు నిరాహార దీక్ష చేసి 1952 డిసెంబర్ 15న ప్రాణం వదిలింది రాయపేట హైరోడ్డులో, బులుసు సాంబమూర్తిగారి ఇంట్లో. ఇప్పుడక్కడ స్మారక భవనం ఉంది. ఇంటికి వచ్చిన చుట్టాలందర్నీ నేను అక్కడికి తీసుకెళ్తాను, వాళ్లేమో టీ నగర్ షాపింగుకి ఎప్పుడు వెళ్దాం అంటారు.

ఇక ప్రకటనలో ఒక్క ముక్కా లేనిది కప్పు. పైఅంతస్తు కొనేవాళ్లు ముందు చూడాల్సింది అదే. మాది మద్రాస్ టెర్రస్. టేకు దూలాల మీద సన్నటి ఇటుకల్ని అంచు మీద నిలబెట్టి, ఏటవాలు వరసల్లో సున్నంతో పేరుస్తారు. ఆ పైన ఇటుక ముక్కలు, సున్నం కలిపిన మందపాటి పొర వేసి, కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్లు చల్లుతూ చెక్కలతో బాదుతారు. అన్నిటికన్నా పైన మట్టి పెంకులు. లాఫ్ట్‌లో వెల్లకిలా పడుకుంటే వరసలన్నీ లెక్కపెట్టుకోవచ్చు.

ఈ కప్పుకి సిమెంటు పడదు. చిన్న పగులు కనబడితే చాలు, మేస్త్రీలు సిమెంటు పులిమేద్దాం అంటారు. సున్నం చెమ్మని బయటికి వదిలేస్తుంది, సిమెంటు లోపలే బంధిస్తుంది. దాంతో గోడలోకి దూరి ఉన్న దూలం కొస మెత్తబడుతుంది. పైకి రంగు నిగనిగలాడుతుంటుంది, లోపల కర్ర పొడి అయిపోతుంటుంది. అందుకే పాత ఇల్లు చూడటానికి వెళ్తే జేబులో స్క్రూడ్రైవర్ పెట్టుకెళ్లండి. దూలం గోడలో కలిసే చోట గుచ్చండి. టక్‌మని ఆగితే దిగుల్లేదు. మెత్తగా దిగితే అక్కణ్నుంచి బేరం వేరే. మా వంటింటి మూల దూలం కొంచెం దిగుతుంది. వచ్చినవాళ్లకి నేనే చూపిస్తున్నాను.

వేడి సంగతి కూడా చెప్పాలి. ఇంత మందం కప్పు ఎండని నెమ్మదిగా లోపలికి తీసుకుని నెమ్మదిగా వదులుతుంది. పొద్దున పదకొండింటికి వచ్చినవాళ్లు "భలే చల్లగా ఉందే" అంటారు. రోహిణి కార్తెలో రాత్రి తొమ్మిదింటికి లాఫ్ట్ ఎక్కితే తెలుస్తుంది, దూలం మీద చెయ్యి వేస్తే అప్పటికీ వెచ్చగానే ఉంటుంది. ఎండలు ముదరకముందే టెర్రస్ అంతా తెల్లసున్నం కొట్టిస్తే కొంత నయం. బ్రోకర్ అందర్నీ పొద్దున పూటే తెస్తుంటే, ఈ నెలంతా రాత్రి ఎనిమిది తర్వాతే రమ్మని చెప్పాను. "ఇంక అమ్ముడుపోయినట్టే" అన్నారు మా ఆయన.

మొన్న కావలి నుంచి వచ్చిన కొత్త జంట అలాగే రాత్రి పూట వచ్చారు. ఆ అమ్మాయి లాఫ్ట్ ఎక్కి చాలాసేపు దిగలేదు. కింద నుంచి భర్త "ఎలా ఉంది?" అని అరిచాడు. "ఉడికిపోతున్నా. నా టేబుల్ మాత్రం ఇక్కడే." ఆ అబ్బాయి దూలం చూసి, "ఆంటీ, దీనికి ఏమైనా తగ్గిస్తారా?" అన్నాడు. బాగుచేయించే ఖర్చు రేటులోంచి తీసేస్తామన్నాం. వెళ్తూ వెళ్తూ సున్నం పని తెలిసిన మేస్త్రీ నంబరు అడిగి రాసుకున్నారు. బ్రోకర్‌కి ఈ సంగతి ఇంకా చెప్పలేదు.